సెంట్రల్ పార్కులో రిక్షా సవారీ

న్యూయార్క్‌లో 59వ వీధిని ఆనుకునే సెంట్రల్ పార్క్ మొదలవుతుంది. ఆరో అవెన్యూ వచ్చి ఆ వీధిలో కలిసే మూల పొద్దున్నే సందడెక్కుతుంది. ఒక పక్క బళ్ళకు పూన్చిన గుర్రాలు, వాటి లద్దె వాసన. ఇంకో పక్క ప్లాస్టిక్ పూలు, రంగు దీపాలు, చిన్న స్పీకర్లు తగిలించుకున్న సైకిల్ రిక్షాలు. ఇక్కడ వీటిని పెడీక్యాబ్ అంటారు. పార్కు ఫొటోలున్న లామినేషన్ అట్టలు పట్టుకుని తొక్కేవాళ్ళు దారిన పోయేవాళ్ళ మొహాలు చదువుతుంటారు. మొహాన్ని బట్టి పలకరింపు మారుతుంది. స్పెయిన్ వాళ్ళనిపిస్తే ‘ఓలా’, మనవాళ్ళనిపిస్తే ‘నమస్తే’.

ఆ నమస్తేకు ప్రతి నమస్కారం పెట్టేశారు తెనాలి నుంచి వచ్చిన మాస్టారు. ఆయనా, భార్యా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. అమెరికాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు మామూలే కదా, వేసవికి వీసా మీద రావడం, వారమంతా ఇంట్లో కూర్చోవడం, శనివారం వస్తే ఊరు చూడటం. ఆ శనివారం ముగ్గురూ రైల్లో పెన్ స్టేషన్‌కు వచ్చి, అక్కడ సబ్‌వే మారి పార్కు దగ్గర దిగారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పి. పార్కేమో 59వ వీధి నుంచి 110వ వీధి దాకా నాలుగు కిలోమీటర్ల పొడవు, దాదాపు కిలోమీటరు వెడల్పు, మొత్తం 843 ఎకరాలు. నడిచి చూసే పని కాదు. అందుకని కొడుకు ముందురోజే గంట టూరు ఒకటి ఆన్‌లైన్‌లో బుక్ చేశాడు.

ముందే బుక్ చేయడం వెనక లెక్క ఉంది. రోడ్డు మీద నిలబడి ఎక్కితే ధర నిమిషాల మీద నడుస్తుంది. ఒకప్పుడు వీధికి ఇంత, మనిషికి ఇంత అని నోటికొచ్చిన లెక్క చెప్పి, దిగేటప్పుడు వందల డాలర్లు అడిగిన సంగతులు పత్రికలకెక్కాయి. దాంతో 2012లో నగర పాలకులు నిబంధన బిగించారు. నిమిషానికి ఎంతో రిక్షా మీద కనబడేలా రాయాలి, టైమరు ఉండాలి. అయినా అట్ట మీద చిన్నగా కనబడే అంకె చివరికి పెద్దదే అవుతుంది. నిమిషానికి 6 డాలర్లంటే అరగంటకు 180. ఫొటోల కోసం ఆగిన నిమిషాలు కూడా అందులోవే. ఆ ధర బండికా, తలకా అన్నది కూడా ఎక్కేముందే తేల్చుకోవాలి. ఊళ్ళో 850 రిక్షాలకు మించి అనుమతి లేదు. తొక్కేవాళ్ళకు లైసెన్సు ఉండాలి. బండికి బ్రేకులు, దీపాలు, కూర్చున్నవాళ్ళకు సీటు బెల్టులు తప్పనిసరి. మోటారు మాత్రం నిషేధం. చట్టం ప్రకారం ఇది కాలి బలంతోనే కదలాలి.

వీళ్ళకు దొరికిన అతను సెనెగల్ మనిషి. బక్కపలచగా, పొడుగ్గా ఉన్నాడు. సీటులో ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు, ముగ్గురైతే సర్దుకోవాలి. సర్దుకున్నారు. అమ్మగారు మధ్యలో.

గేటు దాటగానే రోడ్డు మెల్లగా ఎత్తెక్కుతుంది. అతను గేరు మార్చి, సీటు మీద నుంచి లేచి తొక్కడం మొదలుపెట్టాడు. అమ్మగారికి ప్రాణం ఒప్పలేదు. “ఏరా, ఎత్తు కదా, ఒకళ్ళం దిగుదామా?” అన్నారు. మన ఊళ్ళలో వంతెన ఎక్కాల్సి వస్తే రిక్షా అతను దిగి హ్యాండిల్ పట్టుకుని లాగేవాడు, బరువున్నవాళ్ళు తమంతట తామే దిగి పక్కన నడిచేవాళ్ళు. ఆ మర్యాద ఆవిడ మర్చిపోలేదు. కొడుకు ఇంగ్లీషులో చెబితే అతను వెనక్కి తిరిగి నవ్వి, గేరు వైపు వేలు చూపించి, తొక్కుతూనే ఉన్నాడు.

ఎడమ పక్క దూరంగా ఆర్గన్ వాయిద్యం వినిపించింది. అది పిల్లలెక్కే రంగులరాట్నం. 1908లో తయారైంది, కోనీ ఐలాండ్‌లో మూలపడి ఉంటే 1951లో ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. చేత్తో చెక్కిన 57 చెక్క గుర్రాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. రిక్షా అక్కడ ఆగలేదు. గంట టూరులో ఎక్కడ దిగాలో, ఎక్కడ చూస్తూ పోవాలో తొక్కేవాళ్ళకు కొట్టిన పిండి.

పార్కులోకి వచ్చినవాళ్ళందరికీ కలిగే భ్రమే మాస్టారికీ కలిగింది. ఈ గుట్టలూ చెరువులూ చెట్లూ ముందునుంచీ ఉన్నాయి, చుట్టూ ఊరు పెరిగింది అనుకున్నారు. నిజానికి జరిగింది అది కాదు. ఇదంతా చిత్తడి నేల, బండరాళ్ళు, అక్కడక్కడా ఇళ్ళు. 1853లో రాష్ట్ర శాసనసభ ఈ స్థలాన్ని పార్కుకు కేటాయించింది. 1857లో నమూనాల పోటీ పెట్టారు. మొత్తం 33 నమూనాలు వస్తే, 1858లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ కలిసి గీసిన 33వ నమూనాకు బహుమతి దక్కింది. ఆ తర్వాత తవ్వకాలు, రాళ్ళు పేల్చడాలు, మట్టి తోలడాలు, చెట్లు నాటడాలు. 1876 దాకా పని సాగింది. కళ్ళకు కనిపించే చెరువులన్నీ తవ్వించినవే. మొదటి ఏడాది డిసెంబరులోనే గడ్డకట్టిన చెరువు మీద స్కేటింగ్ చేయడానికి జనం ఎగబడ్డారు, అప్పటికి పార్కు పని ఇంకా సాగుతూనే ఉంది.

రాళ్ళు మాత్రం ఎవరూ తెచ్చినవి కావు. దారి పక్కన నల్లగా, మధ్యమధ్య అభ్రకం మెరుపులతో లేచి కనిపించే బండలు 45 కోట్ల ఏళ్ళ నాటివి. వాటి మీద బండి చక్రాలు పోయినట్టుగా ఒకే దిక్కున గీతలుంటాయి. మంచుయుగంలో ఈ నేల మీదుగా జరిగిన హిమానీనదం ఈడ్చుకొచ్చిన రాళ్ళు గీసిన చారలవి.

రోడ్డు ఎక్కడా తిన్నగా సాగదు. ప్రతి వంద గజాలకూ మెలిక. 1860ల నాటి ధనికులు సాయంత్రం పూట గుర్రపు బళ్ళలో షికారుకు వచ్చేవాళ్ళు. తిన్నటి రోడ్డు దొరికితే పందేలు పెట్టుకుంటారని ఈ వంపులు పెట్టారు. మలుపు తిరిగితే ఒక పచ్చిక, ఇంకో మలుపుకు ఒక చెరువు. చూసేవాళ్ళు కూర్చుని ఉంటారు, దృశ్యం ఒక్కొక్కటే ముందుకొస్తుంది. కాలినడక వాళ్ళకు వేరే బాటలు, గుర్రపు స్వారీకి వేరే బాటలు. ఒకదాన్నొకటి తగలకుండా పైనా కిందా వంతెనలు, ఏ రెండూ ఒక్క పోలికలో ఉండవు. పార్కుకు అడ్డంగా నాలుగు రోడ్లు ఉండి తీరాలన్నది పోటీ షరతు. మిగతావాళ్ళు వాటిని నేల మీదే గీస్తే, వీళ్ళిద్దరూ కందకంలా లోతుగా తవ్వించి పైన చెట్లు పెంచారు. ఇవాళ కూడా 65వ వీధి దగ్గర రిక్షాలో పోతుంటే కింద ఎక్కడో బస్సు హారన్ వినిపిస్తుంది. బస్సు మాత్రం కనపడదు.

ఆ మెలికల రోడ్ల మీద 1899లో కార్లను అనుమతించారు. వాటిని పూర్తిగా బయటికి పంపించడానికి 2018 జూన్ దాకా పట్టింది. ఇప్పుడు పార్కు చుట్టు రోడ్డు మీద పరుగెత్తేవాళ్ళు, సైకిళ్ళు, గుర్రపు బళ్ళు, రిక్షాలు. గీసినవాళ్ళు ఏ వేగానికి ఈ దారి గీశారో ఇంచుమించు ఆ వేగంతోనే రిక్షా పోతుంది. కాకపోతే ఆనాడు ముందుండి లాగింది గుర్రం.

“ఆ స్తంభం మీద నంబరు చూడండి” అని అతను దీపస్తంభం పక్కన ఆపాడు. నల్లటి ఇనప స్తంభం అడుగున చిన్న రేకు, దాని మీద నాలుగంకెలు. పార్కులో దారి తప్పడం మామూలే, ఎటు చూసినా చెట్లే. అలాంటప్పుడు ఈ అంకెలు చదివితే చాలు. మొదటి రెండూ దగ్గర్లోని వీధి నంబరు. చివరి అంకె సరిసంఖ్య అయితే తూర్పు వైపు ఉన్నట్టు, బేసి అయితే పడమర. ఆ కిటుకు తెలిశాక అమ్మగారు ఏ స్తంభాన్నీ వదల్లేదు. “అరవై ఆరు, చివర ఆరు. తూర్పేనండీ” అని భర్తకు అప్పజెబుతూ వచ్చారు.

తూర్పు రోడ్డు పక్కన ఒక బండ మీద కుక్క విగ్రహం. పేరు బాల్టో. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్ళో పిల్లలకు కంఠసర్పి సోకింది. మందు దూరాన ఉంది, దారంతా మంచు. కుక్కలు లాగే బళ్ళ మీద ఒకరి తర్వాత ఒకరుగా 20 మంది అందుకుంటూ, దాదాపు 1,085 కిలోమీటర్ల దూరం అయిదున్నర రోజుల్లో దాటించారు. ఆఖరి మజిలీలో ముందున్న కుక్క బాల్టో. ఆ ఏడాది డిసెంబరులోనే ఫ్రెడరిక్ రాత్ చేసిన ఈ కంచు విగ్రహాన్ని ఆవిష్కరిస్తే, బాల్టో స్వయంగా వచ్చి నిలబడింది. అన్నిటికంటే పొడుగైన, ప్రమాదకరమైన దూరం పరుగెత్తింది టోగో అనే ఇంకో కుక్క. పేరు మాత్రం చివర పరుగెత్తినదానికి దక్కింది. తరతరాల పిల్లలు ఎక్కి కూర్చోవడంతో బాల్టో వీపూ చెవులూ బంగారంలా మెరుస్తుంటాయి. కడుపు కింద కంచు మాత్రం ఇంకా నల్లగానే ఉంది. అమ్మగారు వీపు మీద చెయ్యి వేసి, కొడుకును ఫొటో తియ్యమన్నారు.

“ఇక్కడ దిగి నేరుగా నడవండి. నేను చుట్టూ తిరిగి అటువైపు ఉంటాను” అన్నాడతను మాల్ అనే నడక బాట దగ్గర. ఇది కొత్త పద్ధతి కాదు. పార్కు తెరిచిన రోజుల్లో కూడా బళ్ళవాళ్ళు యజమానులను ఇక్కడే దింపి, చుట్టు తిరిగి అవతల ఎదురుచూసేవాళ్ళు. పార్కు మొత్తంలో కావాలని తిన్నగా గీసిన పెద్ద బాట ఇదొక్కటే. రెండు పక్కలా అమెరికన్ ఎల్మ్ చెట్లు. కొమ్మలు పైకి పోయి కలుసుకుని పందిరి వేస్తాయి. ఎల్మ్ తెగులు వచ్చి ఈ జాతి చెట్లు ఖండమంతటా లక్షల్లో పోయినా, తోటమాలుల కాపలా వల్ల ఈ వరసలు నిలిచాయి.

బాట మొదట్లో షేక్‌స్పియర్, వాల్టర్ స్కాట్, రాబర్ట్ బర్న్స్ లాంటివాళ్ళ విగ్రహాలు. మాస్టారు ఒక్కొక్కరి ముందూ ఆగారు. ఇంకాస్త ముందుకు వెళితే బల్ల చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు. బానిసత్వం నుంచి బయటపడి ఊరూరా ఉపన్యాసాలిచ్చిన సోజర్నర్ ట్రూత్, ఓటు హక్కు కోసం పోరాడిన సుసాన్ బి. ఆంథొనీ, ఎలిజబెత్ కేడీ స్టాంటన్. శిల్పి మెరెడిత్ బెర్గ్‌మన్. 2020 ఆగస్టు 26న ఈ విగ్రహం పెట్టేదాకా ఈ పార్కులో చరిత్రలో బతికిన ఏ ఆడమనిషికీ విగ్రహం లేదు. ఉన్నవాళ్ళల్లా కథల్లోని ఆలిస్, నాటకంలోని జూలియట్, పిల్లల పాటల్లోని మదర్ గూస్.

మాల్ చివర మెట్లు దిగితే బెథెస్డా ఫౌంటెన్. పై కంచు దేవదూతను చేసింది ఎమ్మా స్టెబిన్స్. ఈ నగరంలో పెద్ద ప్రజా శిల్పం పని దక్కిన మొదటి మహిళ ఆవిడే. 1873లో ఆవిష్కరించారు. సంగతంతా నీళ్ళది. 1832లో కలరా వేలమందిని పొట్టన పెట్టుకుంది. బావుల నీళ్ళు మురికి. 1842లో క్రోటన్ నది నుంచి కాలువ వేసి మంచినీళ్ళు తెచ్చాకే ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆ నీళ్ళ తలంపుగానే దేవదూత కిందికి చెయ్యి చాచి నీళ్ళను దీవిస్తున్నట్టు ఉంటుంది.

చాలామంది ఫౌంటెన్ దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారు. తలెత్తి చూడాల్సింది మెట్ల కింది మంటపంలో ఉంది. పైకప్పు నిండా ఇంగ్లండ్‌లోని మింటన్ కంపెనీ చేసిన రంగు పలకలు, 15 వేలకు పైనే. మామూలుగా నేలకు పరిచే పలకలను జేకబ్ రే మోల్డ్ అనే రూపశిల్పి కప్పుకు బిగించాడు. నీళ్ళు కారి పాడైతే 1980లలో మొత్తం విప్పి దాచారు. ఒక్కొక్కటీ శుభ్రం చేసి మళ్ళీ బిగించేసరికి 2007 వచ్చింది. ఆ కప్పు కింద ఒకతను సెల్లో వాయిస్తున్నాడు. రాతి గోడల మధ్య ఆ నాదం మైకు లేకుండానే మోగుతోంది.

రిక్షా చెర్రీ హిల్ మీద సిద్ధంగా ఉంది. అక్కడొక గుండ్రటి ఫౌంటెన్. పైన గాజు దీపాలు, చుట్టూ తొట్టి. షికారు బళ్ళ గుర్రాలు నీళ్ళు తాగడానికి కట్టిందది. ‘ఫ్రెండ్స్’ సీరియల్ మొదట్లో ఆరుగురు గెంతే ఫౌంటెన్ ఇదేనని చెప్పే గైడ్లకు ఇక్కడ కొదవ లేదు. కొడుకు కాలేజీ రోజుల్లో ఆ సీరియల్ వదలకుండా చూసినవాడు. గబగబా ఫోను తీశాడు. కానీ ఆ దృశ్యం తీసింది కాలిఫోర్నియాలోని బర్బ్యాంక్‌లో, వార్నర్ బ్రదర్స్ స్థలంలో. సెనెగల్ అతను నిజమే చెప్పాడు, చెప్పి, “అయినా ఫొటో అందరూ దిగుతారు” అన్నాడు. దిగారు. అక్కడి నుంచి కిందికి చూస్తే చెరువు మీద విల్లులా వంగిన బో బ్రిడ్జ్. 1862 నాటి పోత ఇనుము. సినిమాల్లో కనిపించేది కచ్చితంగా ఇదే.

ఆ ఆగిన అయిదు నిమిషాల్లో మాస్టారు అడగాల్సినవన్నీ అడిగేశారు. రిక్షా సొంతం కాదట. యజమానికి వారం వారం అద్దె కట్టాలి. వాన పడితే బేరాలుండవు, అద్దె ఆగదు. చలికాలంలో దుప్పట్లు, ప్లాస్టిక్ తెరలు పెట్టుకుని నడుపుతారు. తొక్కేవాళ్ళలో అమెరికాలో పుట్టినవాళ్ళు తక్కువ. పశ్చిమాఫ్రికా, మధ్య ఆసియా, టర్కీ నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. అతను ఇంట్లో వోలోఫ్, బడిలో ఫ్రెంచి, ఇక్కడ బేరానికి ఇంగ్లీషు, స్పానిష్. “నమస్తే ఎవరు నేర్పారు?” అని అమ్మగారు అడిగించారు. “బంగ్లాదేశ్ ఫ్రెండ్” అన్నాడు.

ఆఖరి మజిలీ పడమటి పక్క 72వ వీధి దగ్గరి స్ట్రాబెర్రీ ఫీల్డ్స్. వీధికి అవతల కనిపించే పాత కోట లాంటి భవనం డకోటా. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ అందులోనే ఉండేవాడు, 1980 డిసెంబరు 8 రాత్రి ఆ వాకిట్లోనే తూటాలకు బలయ్యాడు. భార్య యోకో ఓనో ఇచ్చిన విరాళంతో రెండున్నర ఎకరాల తోట సిద్ధమై, 1985లో ఆయన పుట్టినరోజు అక్టోబరు 9న తెరిచారు. నేల మీద నలుపు తెలుపు రాళ్ళ చక్రం, మధ్యలో ఆయన పాట పేరు ఒక్క ముక్క. ఇటలీలోని నేపుల్స్ ఇచ్చిన కానుక. గిటారు వాయించేవాళ్ళు వంతులు వేసుకుని పాడుతుంటారు. చక్రం మీద నిలబడి ఫొటోకు క్యూ, క్యూలో చిన్న తగాదా కూడా.

గంట పూర్తయింది. కొడుకు టిప్పు ఇచ్చాడు, అమ్మగారు సంచిలోంచి తీసి కజ్జికాయల పొట్లం ఇచ్చారు. అతను ఒకటి అక్కడే కొరికి, బాగుందని తల ఊపి, 59వ వీధి వైపు పల్లం దారిలో వెళ్ళిపోయాడు.

మాస్టారికి ఇంకా చూడాలని ఉంది. సోషల్ చెప్పిన మనిషి, రైల్లో వస్తూ ఫోనులో చదివిన పేరు ఒకటి బుర్రలో ఉండిపోయింది. నెమ్మదిగా, బల్లబల్లకూ కూర్చుంటూ, ఉత్తరానికి కిలోమీటరు దూరం నడిచారు. స్తంభాల నంబర్లు 82 దాటాయి. ఈ పచ్చిక వాలులో 82 నుంచి 89వ వీధి దాకా ఒకప్పుడు సెనెకా విలేజ్ అనే ఊరుండేది.

1825లో ఆండ్రూ విలియమ్స్ అనే నల్లజాతి యువకుడు, బూట్లు పాలిష్ చేసి బతికేవాడు, ఇక్కడ మూడు ప్లాట్లు 125 డాలర్లకు కొన్నాడు. అప్పటికి న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం ఇంకా పూర్తిగా పోలేదు. నల్లవాడికి ఓటు కావాలంటే 250 డాలర్ల ఆస్తి చూపించాలి, తెల్లవాళ్ళకు ఆ షరతు లేదు. అందుకని జాగా కొనడమంటే ఇల్లు ఒక్కటే కాదు. 1855 నాటికి ఇక్కడ దాదాపు 225 మంది, మూడు చర్చీలు, ఒక బడి. మూడింట రెండు వంతులు నల్లవాళ్ళు, మిగతావాళ్ళలో ఎక్కువమంది ఐరిష్ వలసదారులు. పార్కు కోసం నగరం భూసేకరణ చేసి 1857లో అందరినీ ఖాళీ చేయించింది. పార్కు స్థలం మొత్తం మీద ఇళ్ళు పోయినవాళ్ళు దాదాపు 1,600 మంది. వాళ్ళను పత్రికలు గుడిసెల్లో అక్రమంగా ఉన్నవాళ్ళన్నట్టు రాశాయి. 2011లో పురావస్తు శాస్త్రవేత్తలు ఇక్కడ తవ్వితే ఒక ఇంటి పునాది, ఇనప టీ కెటిల్, చైనా పింగాణీ ముక్కలు, చిన్న పాదాల బూటు దొరికాయి. ఇప్పుడు కొన్ని సమాచార పలకలున్నాయి.

కొడుకు పలక మీదున్నది, ఫోనులో దొరికినది కలిపి చదివి వినిపించాడు. ఆండ్రూ విలియమ్స్ తన ఇంటికీ, మూడు ప్లాట్లకూ 3,500 డాలర్లు అడిగితే చేతికిచ్చింది 2,335.

“మరి ఇది చూపించలేదేంరా ఆ అబ్బాయి?” అన్నారు మాస్టారు.

“గంట టూరు నాన్నా. ఇక్కడిదాకా వస్తే రెండు గంటల టికెట్టు తీసుకోవాలి.”